మారిషస్ నుంచి ఖరగ్‌పూర్ వరకు: ద్వీపదేశపు తెలుగువారికి వీసా నియమాలు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఐఐటీ ప్రాంగణానికి ఆనుకుని ఉన్న పేట ప్రేమ్ బజార్. విద్యార్థులకు, పరిశోధకులకు, వారిని చూడవచ్చే తల్లిదండ్రులకు గదులు దొరికే చోటు ఇది. పక్కనే ఉన్న రైల్వే పట్టణంలో తరతరాలుగా తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. ఇటువంటి పేటలో ఒక ఇంటి తలుపు తట్టిన అతిథి తెలుగు పేరు చెప్పి, చేతిలో మారిషస్ పాస్‌పోర్టు చూపితే ఆ ఇంటివారు ఏమి చేయాలి? అతిథి ఏ అనుమతితో వచ్చి ఉండాలి? ఎన్ని రోజులు ఉండవచ్చు? ఐఐటీలో చేరదలచిన ఆ ఇంటి బిడ్డను భారతీయునిగా లెక్కిస్తారా, విదేశీయునిగానా?

ఈ ప్రశ్నలకు సమాధానాలు భారత ప్రభుత్వ వీసా నియమాలలోనూ, పౌరసత్వ చట్టంలోనూ, మారిషస్ కోసం ప్రత్యేకంగా చేసిన ఒక ఏర్పాటులోనూ ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ద్వీపం, దాని తెలుగువారు

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున ఉన్న మారిషస్ వైశాల్యం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. జనాభా 12 లక్షలకు పైచిలుకు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది భారతీయ మూలాలు గలవారు. 1968 మార్చి 12న ఆ దేశం బ్రిటిష్ పాలన నుంచి స్వతంత్రమై, 1992లో అదే తేదీన గణతంత్రంగా మారింది.

బానిసత్వం రద్దయ్యే కాలంలో చెరకు తోటలకు పనివారు కావలసి రావడంతో ఒప్పంద కూలీల వలస మొదలయింది. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడలో 36 మంది కూలీలు కలకత్తా నుంచి మారిషస్ చేరారు. అప్పటి నుంచి 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల వరకు సుమారు 5 లక్షల మంది ఆ రేవులో దిగారని అంచనా. పోర్ట్ లూయిస్‌లోని ఆ రేవు మెట్లను, వలసదారుల డిపోను నేడు ఆప్రవాసీ ఘాట్ అని పిలుస్తున్నారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

తెలుగువారు ప్రధానంగా విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల నుంచి వెళ్లారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరు మీదుగా వారికి ‘కోరంగీలు’ అనే పేరు స్థిరపడింది. నేటికీ మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు బోధన సాగుతోంది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగాయి.

ఖరగ్‌పూర్ తెలుగువారి చరిత్ర వేరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల కోసం వారు తీరం వెంట ఉత్తరానికి వచ్చారు. ఒక ప్రయాణానికి రైలు టికెట్టు చాలింది. మరొక ప్రయాణానికి సముద్రం దాటవలసి వచ్చింది. ఒకే జిల్లా నుంచి బయలుదేరిన రెండు కుటుంబాల వారసులలో ఒకరు నేడు భారత పౌరులు, మరొకరు వీసా అడగవలసిన విదేశీయులు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఎక్కువగా వినిపించిన పేరు ఖరగ్‌పూర్‌దే.

మారిషస్ పౌరులకు వీసా తప్పనిసరి

భారత పౌరులు మారిషస్‌కు పర్యటనకు వెళితే ముందుగా వీసా తీసుకోనక్కరలేదు. దిగిన చోటే రుసుము లేకుండా ప్రవేశానుమతి లభిస్తుంది. దీనిని చూసి, మారిషస్ పౌరులకు కూడా భారత్‌లో అదే సౌకర్యం ఉందని చాలామంది భావిస్తారు. అది సరికాదు. మారిషస్ సాధారణ పాస్‌పోర్టుతో వచ్చేవారు బయలుదేరే ముందే వీసా పొంది ఉండాలి.

భారత్‌లోకి వీసా లేకుండా రాగలిగేవారు నేపాల్, భూటాన్ పౌరులు. ద్వీపదేశాలలో మాల్దీవుల పౌరులకు పర్యటన వంటి ప్రయోజనాల కోసం 90 రోజుల వరకు వీసా మినహాయింపు ఉంది. శ్రీలంక, సెషెల్స్, ఫిజీ, మారిషస్ పౌరులకు ఆ మినహాయింపు లేదు.

అయితే మారిషస్ వారికి ఒక వెసులుబాటు ఉంది. భారత ప్రభుత్వ ఈ–టూరిస్టు వీసా రుసుముల పట్టికలో మారిషస్‌కు ఎదురుగా ఉన్న అంకె సున్నా. సెషెల్స్, ఫిజీ వంటి మరికొన్ని ద్వీపదేశాలకూ అదే వర్తిస్తుంది. కాబట్టి మారిషస్ పౌరుల నుంచి ఈ–టూరిస్టు వీసా ‘ప్రభుత్వ రుసుము’ పేరిట డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా అనుమానించదగినదే. అధికారిక వెబ్‌సైటును పోలిన పేర్లతో నడిచే ప్రైవేటు సైట్లు అనేకం ఉన్నాయి. చిరునామా చివర భారత ప్రభుత్వ సైట్లకు ఉండే ‘గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూసుకోవడం మొదటి జాగ్రత్త.

ఏ పనికి ఏ వీసా

ఈ–వీసా అంటే పాస్‌పోర్టులో ముందుగా అతికించే కాగితం కాదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఈమెయిల్ ద్వారా ప్రయాణ అనుమతి వస్తుంది. దానిని ముద్రించి వెంట తెచ్చుకోవాలి. విమానాశ్రయంలో అధికారులు వేలిముద్రలు, ఛాయాచిత్రం తీసుకుని పాస్‌పోర్టుపై ముద్ర వేస్తారు.

పర్యాటక వీసా బంధుమిత్రులను కలవడానికి, యాత్రలకు, దర్శనీయ స్థలాల సందర్శనకు వర్తిస్తుంది. 30 రోజులు, 1 సంవత్సరం, 5 సంవత్సరాలు అనే మూడు గడువులలో ఇది లభిస్తుంది. 30 రోజుల వీసాతో రెండుసార్లు ప్రవేశించవచ్చు. సంవత్సరం, అయిదేళ్ల వీసాలతో ఎన్నిసార్లయినా రావచ్చు గాని, ఒక క్యాలెండర్ సంవత్సరంలో మొత్తం బస 180 రోజులు మించరాదు.

వైద్యం కోసం వచ్చేవారికి ఈ–మెడికల్ వీసా, వారికి తోడుగా వచ్చేవారికి వేరొక వీసా ఉన్నాయి. ఐఐటీలో జరిగే అంతర్జాతీయ సదస్సుకు వచ్చే ఆచార్యులు పర్యాటక వీసాతో రాకూడదు. వారికి ఈ–కాన్ఫరెన్స్ వీసా ఉంది. దానికి నిర్వాహకుల ఆహ్వానంతో పాటు సదస్సుకు లభించిన ప్రభుత్వ అనుమతి పత్రాలు కావాలి. వ్యాపార చర్చలకు వచ్చేవారికి ఈ–బిజినెస్ వీసా వర్తిస్తుంది.

చదువు కోసం వచ్చేవారికి విద్యార్థి వీసా తప్పనిసరి. పర్యాటక వీసాతో వచ్చి, ఇక్కడ ప్రవేశం దొరికిన తరువాత దానిని విద్యార్థి వీసాగా మార్చుకోవచ్చునని అనుకోవడం పొరపాటు. ప్రవేశ పత్రం చేతికి వచ్చిన తరువాతనే సరైన వీసాకు దరఖాస్తు చేసి బయలుదేరడం క్షేమం.

దరఖాస్తుకు కావలసినవి

పాస్‌పోర్టు భారత్‌లో అడుగుపెట్టే నాటికి కనీసం 6 నెలలు చెల్లుబాటులో ఉండాలి. ముద్రలు వేయడానికి కనీసం రెండు ఖాళీ పేజీలు ఉండాలి. తెల్లని నేపథ్యంలో ఇటీవల తీసిన ఛాయాచిత్రం, పాస్‌పోర్టు వివరాల పేజీ ప్రతి జతచేయాలి. చిన్న పిల్లలకు కూడా విడి పాస్‌పోర్టు, విడి వీసా అవసరం.

30 రోజుల పర్యాటక వీసాకు ప్రయాణ తేదీకి ముందు 30 రోజుల లోపల మాత్రమే దరఖాస్తు చేయాలి. సంవత్సరం, అయిదేళ్ల వీసాలకు 120 రోజుల ముందు నుంచి అవకాశం ఉంటుంది. ఏదైనా సరే, చేరుకునే తేదీకి కనీసం 4 రోజుల ముందు దరఖాస్తు పూర్తికావాలి. పెళ్లికో, చావుకో హఠాత్తుగా బయలుదేరవలసి వచ్చే కుటుంబాలకు ఈ 4 రోజులే పెద్ద అడ్డంకి. తరచూ రాకపోకలున్నవారు అయిదేళ్ల వీసాను ముందే తీసి ఉంచుకుంటే అటువంటి సమయంలో ఇబ్బంది ఉండదు.

దరఖాస్తులో తల్లిదండ్రుల పేర్లు, వారి జన్మస్థలాలు, గతంలో భారత్‌కు వచ్చిన వివరాలు, ఇక్కడి ఆతిథ్యదారుని చిరునామా అడుగుతారు. పేరులోని అక్షరాలు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండాలి. ఒక అక్షరం తేడాతో ప్రయాణం ఆగిపోయే అవకాశం ఉంది.

మారిషస్ నుంచి వచ్చే విమానాలు ముంబై, దిల్లీ వంటి నగరాలకు చేరుస్తాయి. అక్కడి నుంచి కోల్‌కతాకు దేశీయ విమానంలోనో రైలులోనో రావాలి. ఈ–వీసాతో ప్రవేశించడానికి అనుమతి ఉన్న విమానాశ్రయాలలో ముంబై, దిల్లీ, చెన్నైలతో పాటు కోల్‌కతా, హైదరాబాద్, విశాఖపట్నం కూడా ఉన్నాయి.

ఆఫ్రికా మీదుగా వచ్చేవారు ఒక సంగతి గమనించాలి. మారిషస్‌లో పచ్చజ్వరం వ్యాప్తి లేదు. కాని కెన్యా, ఇథియోపియా వంటి పచ్చజ్వరం ఉన్న దేశాలలో ఆగి వచ్చేవారి వద్ద టీకా ధ్రువపత్రం ఉండాలి. టీకా వేయించుకున్న 10 రోజుల తరువాతనే ఆ పత్రం చెల్లుతుంది. అది లేకపోతే విమానాశ్రయంలో 6 రోజుల వరకు క్వారంటీన్‌లో ఉంచవచ్చు.

2025 అక్టోబరు 1 నుంచి విదేశీయులు కాగితపు రాక పత్రానికి బదులు ఆన్‌లైన్ రాక పత్రాన్ని నింపే విధానం అమలులోకి వచ్చింది. ప్రయాణానికి ముందు 72 గంటల లోపల దీనిని పూర్తిచేయాలి. ఇది వీసా కాదు, వీసాకు బదులు కూడా కాదు.

ప్రేమ్ బజార్‌లో బస: ఇంటివారి బాధ్యత

హావ్‌డా నుంచి ఖరగ్‌పూర్‌కు రైలు మార్గం దాదాపు 115 కిలోమీటర్లు. అతిథి రైలు దిగి ఇల్లు చేరడంతో అతని పని ముగిసినా, ఆతిథ్యమిచ్చేవారి పని అప్పుడే మొదలవుతుంది.

విదేశీయునికి బస ఇచ్చిన ప్రతివారూ 24 గంటల లోపల ఆ సంగతిని విదేశీయుల నమోదు అధికారికి తెలియజేయాలి. దీనినే ‘ఫారం సి’ అంటారు. పెద్ద హోటళ్లకే ఇది వర్తిస్తుందని చాలామంది భ్రమపడతారు. లాడ్జీలు, అతిథి గృహాలు, ధర్మశాలలు, పేయింగ్ గెస్టులను ఉంచుకునే ఇళ్లు, చివరకు బంధువును ఇంట్లో ఉంచుకున్న కుటుంబం కూడా ఈ నియమం పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో ఒకసారి పేరు నమోదు చేసుకుంటే, ఆపై ప్రతి అతిథి వివరాలను ఇంటి నుంచే పంపవచ్చు. అతిథి పాస్‌పోర్టు, వీసా ప్రతులు, వచ్చిన తేదీ, వెళ్లే తేదీ ఇందుకు అవసరం. దీనికి రుసుము లేదు.

అతిథి మారిషస్ తెలుగువాడనీ, మన మాటే మాట్లాడుతున్నాడనీ ఈ బాధ్యత తప్పదు. చట్టం దృష్టిలో భాష కాక పాస్‌పోర్టే పౌరసత్వానికి గుర్తు.

2025 సెప్టెంబరు 1 నుంచి వలసలు, విదేశీయుల చట్టం 2025 అమలులోకి వచ్చింది. 1920 నాటి పాస్‌పోర్టు చట్టం, 1939 నాటి విదేశీయుల నమోదు చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం, 2000 నాటి రవాణా సంస్థల బాధ్యత చట్టం అనే నాలుగింటి స్థానాన్ని ఇది తీసుకుంది. చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, వీసా లేకుండా ప్రవేశిస్తే 5 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. వీసా గడువు దాటి ఉండిపోతే 3 సంవత్సరాల వరకు జైలు, 3 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అనారోగ్యం వంటి కారణాలతో గడువు లోపల బయలుదేరలేనివారు గడువు ముగియకముందే ఆన్‌లైన్‌లో నమోదు కార్యాలయాన్ని ఆశ్రయించడం మేలు.

విద్యార్థిగా వచ్చినవారు

ఖరగ్‌పూర్ ఐఐటీ దేశంలో మొదటి ఐఐటీ. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో అది ప్రారంభమయింది. విదేశీ విద్యార్థులు ఇక్కడికి చేరే దారులు పలు రకాలు. భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఉపకార వేతనాలు వాటిలో ఒకటి. విదేశీ పౌరులు బీటెక్ సీట్ల కోసం జేఈఈ మెయిన్ రాయకుండా నేరుగా జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసే వీలుంది. వారికి ఇచ్చే సీట్లు సాధారణ సీట్లకు అదనంగా ఉంటాయి.

180 రోజులకు మించిన గడువు గల విద్యార్థి వీసాతో వచ్చినవారు, వచ్చిన 14 రోజుల లోపల విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. ఇప్పుడు ఈ పని ఆన్‌లైన్‌లోనే సాగుతుంది. విద్యాసంస్థ కూడా తన వద్ద చేరిన విదేశీ విద్యార్థుల వివరాలను విడిగా సమర్పించాలి. వసతిగృహం విడిచి ప్రేమ్ బజార్‌లో గదికి మారితే, కొత్త చిరునామాను తెలియజేయడం విద్యార్థి బాధ్యత, ఫారం సి పంపడం ఇంటి యజమాని బాధ్యత. చిరునామా మార్పును పట్టించుకోకపోవడం వీసా పొడిగింపు సమయంలో చిక్కులకు దారితీస్తుంది.

ఏడు తరాల వరకు ఓసీఐ

వీసాల ప్రసక్తి లేకుండా రావాలనుకునే భారతీయ సంతతివారికి ఉన్న మార్గం ఓసీఐ కార్డు, అంటే ప్రవాస భారతీయ పౌర కార్డు. 2005లో పౌరసత్వ చట్టానికి చేసిన సవరణతో ఈ పథకం వచ్చింది. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సందర్భంగా దీనిని ఆరంభించారు. అంతకుముందున్న పీఐఓ కార్డును 2015 జనవరిలో ఇందులో విలీనం చేశారు.

సాధారణ నియమం ప్రకారం ఈ అర్హత మునిమనుమల తరంతో ఆగిపోతుంది. 20వ శతాబ్దంలో అమెరికా, బ్రిటన్ వెళ్లిన కుటుంబాలకు అది చాలు. మారిషస్ వారికి చాలదు. 1840లలో ఓడ ఎక్కిన వ్యక్తి నుంచి లెక్కిస్తే నేటి యువకులు ఆరవ తరమో, ఏడవ తరమో అవుతారు. తాత ముత్తాతలందరూ ఆ ద్వీపంలోనే పుట్టి, అక్కడే మట్టిలో కలిసినవారు. అందువల్ల ఎక్కువ కాలం క్రితం వెళ్లినవారి సంతతికే ఆ తలుపు మూసుకుపోయింది.

ఈ లోటును పూడ్చడానికి 2017లో మారిషస్ కోసం ప్రత్యేక వెసులుబాటును ప్రకటించారు. 2024 మార్చిలో మారిషస్ జాతీయ దినోత్సవానికి ముఖ్య అతిథిగా వెళ్లిన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము, ఏడవ తరం వరకు భారతీయ సంతతి మారిషస్ వారికి ఓసీఐ అర్హత కల్పించే ప్రత్యేక ఏర్పాటును ప్రకటించారు. 2025 మార్చిలో ప్రధాని నరేంద్ర మోదీ మారిషస్ పర్యటనలో ఆ దేశాధ్యక్షుడు ధరమ్ గోఖుల్‌కు, ఆయన సతీమణికి ఓసీఐ కార్డులు అందజేశారు.

ఓడ జాబితాలో పేరు

అర్హత ఉండటం ఒక ఎత్తు, దానిని రుజువు చేయడం మరొక ఎత్తు. పోర్ట్ లూయిస్‌లోని భారత హైకమిషన్‌కు దరఖాస్తు చేసేవారు తమ నుంచి భారత్‌లో పుట్టిన పూర్వీకుని వరకు ప్రతి తరానికీ లంకె చూపాలి. జనన, వివాహ ధ్రువపత్రాలు ఆ గొలుసులోని కడియాలు. మధ్యలో ఒక్కటి తెగినా గొలుసు నిలవదు.

చివరి కడియం మహాత్మా గాంధీ సంస్థలోని వలస పత్రాల భాండారంలో దొరుకుతుంది. 1834 నుంచి వచ్చిన కూలీల వివరాలు అక్కడ భద్రపరిచారు. ఒక్కొక్కరికి ఇచ్చిన సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, గ్రామం, జిల్లా, ఓడ పేరు, దిగిన తేదీ ఆ రిజిస్టర్లలో ఉంటాయి. 1860ల నుంచి తీసిన ఛాయాచిత్రాలు కూడా కొన్ని మిగిలాయి. ఆ ఛాయాచిత్రాలు జ్ఞాపకార్థం తీసినవి కావు. 1867 నాటి కార్మిక చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన కూలీ కూడా తన ముఖచిత్రం అతికించిన టికెట్టును వెంట ఉంచుకోవలసి వచ్చేది. అది లేకుండా దొరికితే నిర్బంధించేవారు. నాడు ఆ మనిషి కదలికలను కట్టడి చేసిన కాగితమే, నేడు అతని వారసులు పూర్వీకుల దేశానికి స్వేచ్ఛగా రావడానికి సాక్ష్యమవుతోంది.

తెలుగు కుటుంబాలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. రిజిస్టరు రాసిన గుమాస్తాలకు తెలుగు రాదు. విన్నది విన్నట్లు ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరాలలో రాశారు. ఇంటిపేరు రాయలేదు. ద్వీపంలో వచ్చిన వ్యక్తి సొంత పేరే తరువాతి తరాలకు ఇంటిపేరుగా స్థిరపడింది. అప్పడు అనే మనిషి సంతానానికి ‘అప్పడూ’ ఇంటిపేరయింది. కనుక మారిషస్ తెలుగువారు నేటి తమ ఇంటిపేరుతో ఆంధ్రదేశంలో బంధువులను వెదికితే దొరకరు. వెదకవలసింది ఓడ పేరు, వచ్చిన సంవత్సరం, వలస సంఖ్య. ఆ సంఖ్య దొరికితే జిల్లా, గ్రామం కూడా తెలిసే అవకాశం ఉంది. ఊరి పేరు కూడా ఉచ్చారణ మారి ఉండవచ్చు. తెలుగు తెలిసినవారు దానిని పైకి చదివి వినిపిస్తే అసలు పేరు తేలే సందర్భాలుంటాయి.

ఓసీఐతో వచ్చేవి, రానివి

ఓసీఐ కార్డు ఉన్నవారు జీవితాంతం ఎన్నిసార్లయినా భారత్‌కు రావచ్చు. ఎంత కాలమైనా ఉండవచ్చు. విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేసుకోనక్కరలేదు. ఆర్థిక, వాణిజ్య వ్యవహారాలలో చాలావరకు ప్రవాస భారతీయులతో సమానంగా పరిగణిస్తారు. ఇల్లు, స్థలం కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోటలు కొనడానికి వీలులేదు.

పేరులో ‘పౌర’ అని ఉన్నా ఇది పౌరసత్వం కాదు. ఓటు హక్కు ఉండదు. రాజ్యాంగ పదవులకు, సాధారణంగా ప్రభుత్వ ఉద్యోగాలకు అర్హత ఉండదు. పరిశోధన, పత్రికా వృత్తి, మత ప్రచారం, పర్వతారోహణ వంటి వాటికి ముందస్తు అనుమతి కావాలి. సిక్కిం, అరుణాచల్ ప్రదేశ్ వంటి చోట్ల రక్షిత ప్రాంతాలకు వెళ్లాలన్నా అనుమతి అవసరం. పరిశోధన కోసం ఐఐటీకి వచ్చే ఓసీఐ కార్డుదారులు ఈ నిబంధనను ప్రత్యేకించి గమనించాలి.

తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ప్రవేశ పరీక్షల విషయంలో. 2021 మార్చి 4న కేంద్ర హోం శాఖ జారీచేసిన నోటిఫికేషన్ ఓసీఐ విద్యార్థులను ప్రవాస భారతీయుల కోటా సీట్లకు, అదనపు సీట్లకు పరిమితం చేసింది. దీనిపై వచ్చిన పిటిషన్లను విచారించిన సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరి 3న తీర్పునిస్తూ, ఆ నిబంధన నోటిఫికేషన్ తేదీ తరువాత కార్డు పొందినవారికే వర్తిస్తుందని చెప్పింది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో కూడా ఆ తేదీకి ముందు కార్డు పొందినవారిని భారతీయులతో సమానంగా, తరువాత పొందినవారిని విదేశీ పౌరులుగా పరిగణిస్తున్నారు. ఏడవ తరం వెసులుబాటు 2024లో వచ్చింది. కనుక దాని ద్వారా కార్డు పొందిన మారిషస్ విద్యార్థి ఖరగ్‌పూర్‌కు వీసా లేకుండా రాగలడు గాని, బీటెక్ సీటు లెక్కలో విదేశీయుడే అవుతాడు. చదువు ఖర్చును అంచనా వేసుకునే కుటుంబాలు దీనిని ముందే తెలుసుకోవడం అవసరం.

మారిషస్ పాస్‌పోర్టుతో ఇతర దేశాలకు

పూర్వీకుల దేశానికి వీసా అడగవలసిన మారిషస్ పౌరునికి యూరప్‌లో చాలా దేశాల తలుపులు తెరిచే ఉంటాయి. 2009లో ఐరోపా సంఘంతో కుదిరిన ఒప్పందం వల్ల షెంగెన్ దేశాలలో ఏ 180 రోజుల కాలంలోనైనా 90 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. 2025 అక్టోబరు 12 నుంచి ఆ దేశాల సరిహద్దులలో వేలిముద్రలు, ముఖచిత్రం నమోదు చేసే కొత్త వ్యవస్థ దశలవారీగా మొదలయింది. బ్రిటన్‌కు వీసా అక్కరలేకపోయినా, 2025 జనవరి 8 నుంచి ముందస్తు ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి తప్పనిసరి. చైనాతో 2013 నుంచి పరస్పర వీసా మినహాయింపు ఉంది. అమెరికాకు మాత్రం వీసా కావలసిందే.

ఇంత చిన్న దేశానికి ఇన్ని మినహాయింపులు రావడానికి అక్కడి స్థిరమైన ప్రజాస్వామ్యం, మధ్యతరగతి ఆదాయాలు, పర్యాటకంపై ఆధారపడిన ఆర్థిక వ్యవస్థ కారణాలు. వెళ్లిన పౌరులు తిరిగి వస్తారన్న నమ్మకం మీద వీసా మినహాయింపులు నడుస్తాయి. ఆ నమ్మకం లేనిచోట పరిస్థితి వేరు. అదే సముద్రంలోని కొమొరోస్ దీవుల వారికి, పక్కనే ఫ్రాన్సు ఆధీనంలో ఉన్న మయోట్ దీవికి వెళ్లడానికి 1995లో వీసా నిబంధన వచ్చింది. నాటి నుంచి చిన్న పడవలలో రహస్యంగా ఆ జలసంధి దాటబోయి ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

భారత్ నుంచి మారిషస్‌కు

ఖరగ్‌పూర్ నుంచి మారిషస్ బంధువులను చూడబోయే భారతీయులు చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, తిరుగు ప్రయాణపు టికెట్టు, బస వివరాలు, ఖర్చులకు సరిపడా సొమ్ము ఉన్నట్లు ఆధారం వెంట ఉంచుకోవాలి. మారిషస్ ప్రభుత్వ ఆన్‌లైన్ ప్రయాణ పత్రాన్ని ముందే నింపాలి. పర్యటనకు వచ్చినవారు అక్కడ ఉద్యోగం చేయరాదు. బంధువుల ఇంట దిగేవారు వారి చిరునామా, ఆహ్వాన లేఖ సిద్ధంగా ఉంచుకుంటే విచారణ సులువవుతుంది.

ప్రయాణానికి ముందు ఒకసారి

వీసా నియమాలు తరచూ మారుతుంటాయి. బయలుదేరే ముందు భారత ప్రభుత్వ వీసా వెబ్‌సైటులో గాని, పోర్ట్ లూయిస్‌లోని భారత హైకమిషన్‌లో గాని తాజా వివరాలు సరిచూసుకోవాలి. పాస్‌పోర్టుకు 6 నెలల గడువు, పనికి తగిన వీసా, ఆన్‌లైన్ రాక పత్రం, అవసరమైతే పచ్చజ్వరం టీకా పత్రం ప్రయాణికుని బాధ్యత. 24 గంటల లోపల ఫారం సి ఆతిథ్యమిచ్చేవారి బాధ్యత. 14 రోజుల లోపల నమోదు దీర్ఘకాలపు వీసాతో వచ్చిన విద్యార్థి బాధ్యత.

ఓసీఐ కోసం ప్రయత్నించేవారు ముందుగా ఇంట్లోని పెద్దల వద్ద ఉన్న పాత కాగితాలను వెదకాలి. జనన పత్రం వెనుక రాసిన ఒక వలస సంఖ్య, పెట్టె అడుగున దాచిన ఒక పాత టికెట్టు ఏడు తరాల దారిని చూపగలవు. ఆ దారి కొందరిని గోదావరి తీరపు గ్రామానికి, మరికొందరిని విశాఖ జిల్లా పల్లెకు చేర్చవచ్చు. చదువుకో, కొలువుకో ఖరగ్‌పూర్ రైలెక్కినవారికి మాత్రం, అదే తీరం నుంచి పట్టాల వెంట వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎదురవుతాయి.